రత్నమాణిక్యం గారి లారీ

"మీరు ఓనరు కాదండీ," అన్నాడు హేమంత్‌కుమార్, కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

పాండురంగారావు నవ్వాడు. ఏలూరు బైపాసు పక్కనున్న ఆ యార్డులో అడుగుపెట్టినప్పటినుంచీ ఈ మేనేజరు సరదాగానే మాట్లాడుతున్నాడు, ఇదీ సరదాయే అనుకున్నాడు.

"బయట నిలబెట్టిన బండి నాదేనండీ. పదకొండేళ్ళనుంచి నాదే."

"బండి మీదే కావచ్చండీ. ఆర్సీ మీది కాదు. ఇదుగో, యజమాని పేరు పోలిశెట్టి రత్నమాణిక్యం అని ఉంది. ఎవరండీ ఈవిడ?"

"మా ఆవిడండీ."

"ఆవిడ లారీ నడుపుతారా?"

వెనక బల్ల మీద కూర్చున్న ప్రభుదాసు పకాలున నవ్వాడు. ఏడాది కిందట తన లారీని ఈ కంపెనీలో అటాచి పెట్టి, పాండురంగారావును ఇక్కడికి తీసుకొచ్చింది అతనే. "నడపడమంటే నడుపుద్దండీ. లారీని కాదు, ఈయన్ని," అన్నాడు.

హేమంత్‌కుమార్ నవ్వలేదు. ఆర్సీనీ లైసెన్సునూ పక్కపక్కన పెట్టి, రెండు పేర్ల మీదా వేలు ఉంచాడు. గోస్తనీ క్యారియర్స్ అన్నది ఇనప గొట్టాలు, మిల్లు యంత్రాలు, పొక్లెయిన్లు మోసే కంపెనీ. దానికి సొంత లారీలు నాలుగే. మిగతావన్నీ అటాచి బండ్లు. బండి మనది, డ్రైవింగు మనది, లోడు వాళ్ళది. అయితే స్టీరింగు పట్టుకునేవాడే యజమాని అయి ఉండాలి.

"జీతం డ్రైవరు లోడు కట్టే చైను ఒక చుట్టు తక్కువ వేస్తాడండీ. సొంత బండివాడు అడక్కుండానే రెండు చుట్లు ఎక్కువ వేస్తాడు. మా పెద్దాయన పెట్టిన రూలిది, నాది కాదు," అన్నాడు మేనేజరు. ఆ తరవాత మెత్తబడ్డాడు. "దీనికింత ఆలోచనెందుకండీ? ట్రాన్స్‌ఫరు ఫారం మీద ఆవిడ చేత సంతకం పెట్టించుకుని శుక్రవారంలోగా తీసుకురండి. ఆర్టీయే ఆఫీసు పని మేం చూసుకుంటాం. శుక్రవారం దాటితే మాత్రం ఈ ఖాళీ ఇంకొకరికి వెళ్ళిపోద్ది."

పాండురంగారావు ఫారం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సంతకం మాట ఆయన మనసుకు తగలనే లేదు. తగిలింది వేరే మాట. మీరు ఓనరు కాదండీ. బయటికొచ్చి లారీ ఎదురుగా నిలబడ్డాడు. క్యాబిన్ నుదుటి మీద పసుపు పచ్చ అక్షరాలతో 'రత్నమాణిక్యం' అని ఉంది. రోజూ పొద్దున్నే ఆ అక్షరాలకు దణ్ణం పెట్టుకుని బండెక్కే మనిషి ఆయన. వాటిని ఎప్పుడూ చదివింది లేదు.

ఆ పేరు బండి మీదికి ఎలా వచ్చిందంటే, అదంతా జాతకం మహిమ.

పాండురంగారావు తాడేపల్లిగూడెం మిల్లుల దగ్గర క్లీనరుగా చేరి, డ్రైవరై, ఇరవై ఏళ్ళపాటు ఇతరుల లారీల్లో బియ్యం బస్తాలు తోలాడు. సొంత బండి కొనే రోజు వచ్చేసరికి పంతులుగారు వేళ్ళు లెక్కపెట్టి, "ఇనుము నీ పేరు మీద అచ్చిరాదోయ్. మీ ఇంటావిడ పేరు మీద పెట్టావంటే తిరుగుండదు," అన్నారు. మిల్లుల ముందు వరసలో నిలబడే లారీల్లో సగం భార్యల పేర్ల మీదే ఉండేవి. పేరు ఆవిడది, బతుకు నాది అని ఆయన టీ కొట్టు దగ్గర అనేవాడు. వినేవాళ్ళు అవునవును అనేవారు, వాళ్ళ బండ్లూ అలాంటివే మరి.

తిరుగులేకుండానే నడిచింది కూడా. తరవాత మిల్లువాళ్ళు తామే లారీలు కొనుక్కోవడం మొదలుపెట్టారు. వారానికి నాలుగు ట్రిప్పులు రెండయ్యాయి, రెండు ఒకటయింది. అప్పుడు ప్రభుదాసు చెప్పాడు, పక్కలు కోసేసి ప్లాట్‌ఫారం చెయ్యి అన్నయ్యా, గోస్తనీలో ఖాళీ ఉంది అని. రెండు వారాల కిందట గూడెం బాడీ షెడ్డులో పక్క చెక్కలు ఊడదీయించి, కమ్మీలు కోయించి, కింద చదునైన ఇనప బల్ల వేయించాడు. దానికీ రత్నమాణిక్యం సంతకం అవసరమయింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఒక్క కాగితాన్నీ పది నిమిషాలు చదివింది. షెడ్డువాడు ఎదురుచూస్తున్నాడని ఈయన గుమ్మంలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. చదివింది, పెట్టింది. అంతే.

పక్కలు కోసేశాక ఆ బండి మీదికి ఏ మిల్లువాడూ బస్తా ఎక్కించడు. అటాచి దొరక్కపోతే అది రోడ్డు పక్కన నిలబెట్టుకునే ఇనప మంచం. ఇంటికి తోలుకెళుతున్న దారిలో అదంతా ఆయనకు తెలుసు, అయినా భయం వేయలేదు. సంతకమే కదా.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. వరండాలో గ్రైండరు తిరుగుతోంది. రత్నమాణిక్యం వీధిలో నలభై ఇళ్ళకు ఇడ్లీపిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. మోచేతుల దాకా మినప్పిండితో రాతిపొత్రం అంచులు గీకుతోంది.

"మాణిక్యం, ఇక్కడ ఒక సంతకం పెట్టు," అని ఫారం తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

ఆవిడ చెయ్యి ఆగింది. కొళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. కళ్ళజోడు వెతికి పెట్టుకుంది. నిలబడే చదివింది, వెనక్కి తిప్పి అటుపక్కా చదివింది. ఉన్న మడతల మీదే మళ్ళీ మడిచి ఆయన చేతికిచ్చింది.

"పెట్టనండీ."

గ్రైండరు చప్పుడులో ఏదో విన్నాననుకున్నాడు. వెళ్ళి స్విచ్చి ఆపాడు. రాయి ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచింది.

"ఏంటన్నావ్?"

"పెట్టనన్నాను."

"ఎందుకని?"

"బండి నా పేరు మీద ఉందండీ. ఉండనివ్వండి."

"పేరుదేముందే? పంతులుగారు చెప్పాడని పెట్టాం. ఇప్పుడు కంపెనీవాడు మార్చమంటున్నాడు. తోలేది నేనే, తెచ్చేది నేనే…"

"పేరులో ఏమీ లేకపోతే మార్చడమెందుకండీ మరి?"

పాండురంగారావు ఆవిడ ముఖంలోకి చూశాడు. ఈ మనిషి ఇరవై ఆరేళ్ళుగా తనతో ఉంది. కూరలో ఉప్పు చాలకపోతే తానే ముందు చెప్పి నవ్వే మనిషి. తనకు ఎదురు చెప్పిన రోజు ఒక్కటైనా గుర్తుకు తెచ్చుకుందామని చూశాడు. రాలేదు.

"పక్కలు కోయించేశాను, మాణిక్యం. శుక్రవారం దాటిందంటే మన బండి దేనికీ పనికిరాదు. తెలుసా?"

"తెలుసండీ. ఆల్టరేషన్ కాగితం చదివే పెట్టాను. ఎఫ్‌సీ వచ్చే నెల ఇరవై మూడున అయిపోద్ది. ఇన్సూరెన్సు కాగితంలో మనది ఇంకా బాడీ లారీ అనే ఉంది, మార్పించాలి. అది కూడా తెలుసు."

ఈ మాటలకు ఆయన గోడకు చేరబడ్డాడు. ఎఫ్‌సీ, అంటే బండి ఫిట్‌నెస్ కాగితం, దాని గడువు ఆయనకు తెలియదు. ఏటా ఎవరో గుర్తు చేస్తారు, ఏజెంటు చూసుకుంటాడు. ఆ గుర్తు చేసేది ఎవరన్నది ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

రత్నమాణిక్యం పెద్ద గిన్నె బోర్లించి దాని మీద కూర్చుంది. గొంతు పెంచలేదు.

"ముదినేపల్లి చేను కాగితం మీద కూడా ఈ మాటే అన్నారు మీరు. ఇక్కడ ఒక సంతకం పెట్టు అని. నేనప్పుడు గంజి వారుస్తున్నాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని పెట్టేశాను."

అది ఆవిడ తండ్రి పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం. ఎకరం ముప్పై సెంట్లు. ఏడేళ్ళ కిందట దాన్ని చేపల చెరువుకు కౌలుకిచ్చాడు పాండురంగారావు. దాచి చేసిందేమీ కాదు. మూడు పక్కలా చెరువులు తవ్వేశారు, ఊట నీళ్ళు దిగి వరి కుళ్ళిపోతోంది. ఎవరైనా చేసే పనే ఆయన చేశాడు.

"చుట్టూ చెరువులైపోయాయి కదే. ఆ మధ్యలో వరి ఎలా పండుద్ది?"

"పండదండీ. అది నాకు తెలీదా? నేను పుట్టిందే ఆ గట్ల మీద." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. "ఆ నెలలోనే మా చిన్నత్త కూతురి పెళ్ళికని బస్సులో వెళుతున్నాను. కిటికీలోంచి చూస్తే మన చేలో పొక్లెయిన్ ఉంది. మా నాన్న పాతించిన సరిహద్దు రాయి ఉండేదే, దాన్ని బకెట్టుతో పళ్ళూడదీసినట్టు పెరికి గట్టు అవతల పడేసింది. బస్సాపించి దిగిపోయాను. పట్టుచీరతో ఆ బురదలోకి పరిగెత్తాను. ఆపవయ్యా, ఎవరి చేననుకున్నావు, ఎవరు చెప్పారు నీకు అని అరిచాను. వాళ్ళ మేస్త్రీ వచ్చి, మీరే కదమ్మా అని కాగితం చూపించాడు. కింద నా సంతకమే ఉంది."

పాండురంగారావు చేతిలోని ఫారాన్ని మళ్ళీ కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఆ రోజు ఇంటికొచ్చి నాతో ఏమీ చెప్పలేదేం?" అన్నాడాయన చివరికి. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"మీరు చెప్పారేంటండీ నాకు?"

"చెప్తే ఒద్దనేదానివా?"

"ఇచ్చెయ్యండి అనేదాన్నే," అంది రత్నమాణిక్యం. "అడగాలి కదండీ. ఆ రోజునుంచి చదవకుండా దేని మీదా సంతకం పెట్టకూడదనుకున్నాను. ఇది చదివాను. పెట్టను."

లేచి గ్రైండరు స్విచ్చి వేసింది.

శుక్రవారం దాకా మిగిలిన రెండు రోజులూ పాండురంగారావు ఇంట్లో చుట్టంలా మసిలాడు. కోపం రావాలని చూశాడు, రాలేదు. ఏడేళ్ళు. ఏడేళ్ళలో ఎన్ని పూటలు ఎదురెదురుగా కూర్చుని తిన్నారో, ఆ ప్రతి పూటా ఈవిడ కడుపులో ఆ మేస్త్రీ చూపించిన కాగితం ఉంది. పెళ్ళినుంచి వచ్చిన రోజు చీర అంచున బురద ఉండటం ఆయన చూశాడు. వర్షం పడిందా అక్కడ అని అడిగాడు. ఆవిడ లేదంది. ఇప్పుడు గుర్తొచ్చింది అదంతా.

ప్రభుదాసు ఫోను చేశాడు. "సంతకం అయిందా అన్నయ్యా?"

"లేదు. పెట్టనంటోంది."

"మా ఆవిడకి చెప్పకు అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది. మా బండీ దాని పేరు మీదే ఉండేది, నెలరోజుల్లో మార్పించాను," అన్నాడు ప్రభుదాసు.

శుక్రవారం తెల్లారాక ఆయన బండి కడుగుతుంటే రత్నమాణిక్యం ఉతికిన నేతచీర కట్టుకుని, చంకలో ప్లాస్టిక్ ఫైలు పెట్టుకుని వచ్చి నిలబడింది. "నేనూ వస్తున్నానండీ ఏలూరు. ఆ మేనేజరుతో నేను మాట్లాడతాను."

"నువ్వేం మాట్లాడతావే?"

"ఓనరు మాట్లాడేది మాట్లాడతాను. ఆ మెట్టు ఎత్తుగా ఉంది, చెయ్యివ్వండి."

కొత్తలో బండికి పూజ చేయించిన రోజు తరవాత ఆవిడ ఆ క్యాబినెక్కడం ఇదే. దారిలో ఆయన గేరు మార్చినప్పుడల్లా ఎడమచేతివైపు ఆవిడ ఉందన్న ఎరుక. కైకరం దాటాక, "క్లచ్చి పైకొచ్చేసింది, చూపించండి," అంది. చప్పుడును బట్టి చెప్పిందట. ఆయనకు అదీ దిగ్భ్రమే. నిజంగానే పైకొచ్చింది.

హేమంత్‌కుమార్ కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు, ట్రాన్స్‌ఫరు ఫారం ముందుకు జరిపాడు. రత్నమాణిక్యం దాన్ని మళ్ళీ మేనేజరువైపే జరిపింది.

"ఇది కాదండీ. మీ అగ్రిమెంటు ఇవ్వండి, చదువుతాను."

పధ్నాలుగు పేజీలు. నలభై నిమిషాలు చదివింది. మేనేజరు రెండుసార్లు బయటికి వెళ్ళొచ్చాడు. ప్రభుదాసు తలుపు దగ్గర నిలబడి లోపలికి రాలేదు.

"వర్షంలో సరుకు తడిస్తే పూచీ ఎవరిదండీ?"

"టార్పాలిన్ సరిగ్గా కట్టకపోతే బండిదండీ."

"టార్పాలిన్ ఎవరిస్తారు?"

"మేమే ఇస్తాం."

"మీరిచ్చిన దానికి చిల్లుంటే?"

హేమంత్‌కుమార్ గోడవైపు చూసి, "అది రాయలేదండీ ఇందులో," అన్నాడు.

"రాయండి. ఇంకోటి. కంపెనీ నిర్ణయమే తుది నిర్ణయం అని నాలుగు చోట్ల రాశారు. ఒక్కచోట రాస్తే చాలదాండీ?"

పాండురంగారావు తన మోకాళ్ళవైపు చూసుకుంటూ కూర్చున్నాడు. ఈ కాగితమే మొన్న తన చేతికిస్తే ఎక్కడ పెట్టాలి సంతకం అని మాత్రం అడిగి ఉండేవాడు. ఆ సంగతి ఈ గదిలో అందరికీ తెలిసిపోయినట్టు అనిపించింది.

హేమంత్‌కుమార్ చివరికి ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళి పెద్దాయనతో మాట్లాడాడు. తిరిగొచ్చి కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"ఓనరూ డ్రైవరూ ఒకే ఇంటివాళ్ళయితే చాలన్నారండీ. మీరు చెప్పిన రెండూ రాయమన్నారు. కానీ ఓ షరతు. లోడు మెసేజీ మీ ఫోనుకే వస్తుందమ్మా. ఓకే నొక్కాల్సింది మీరే. మీరు నొక్కకుండా బండి కదలకూడదు. అరగంటలో నొక్కకపోతే లోడు ఇంకో బండికి. వరసగా మూడు పోయాయంటే అటాచి రద్దు."

"బావుందండీ," అంది రత్నమాణిక్యం.

ఆవిడ సంతకం అయ్యాక ఇంకో కాగితం పాండురంగారావు ముందుకొచ్చింది. ఆయన పెన్ను మూత తీశాడు.

"చదవండి ముందు," అంది ఆవిడ.

చదివాడు. డ్రైవరు పేరు పోలిశెట్టి పాండురంగారావు. నియమించినవారు శ్రీమతి పోలిశెట్టి రత్నమాణిక్యం. యజమానికి డ్రైవరు ఏమవుతారు అన్న గడిలో భర్త అని ఉంది. ఆ మూడు వరసలూ రెండుసార్లు చదివాడు. యాభై మూడేళ్ళొచ్చాయి, చదవకుండా పెట్టిన సంతకాలు ఎన్నో లెక్కలేదు. ఇది చదివి పెట్టాడు.

బయటికి వచ్చారో లేదో ఆవిడ ఫోను మోగింది. మొదటి లోడు. యార్డులో నిలబడి ఉన్న చిన్న పొక్లెయిన్‌ను ముదినేపల్లి దగ్గర ఒక రైతు పొలానికి చేర్చాలి. పని, చెరువు తవ్వకం.

ఆవిడ మెసేజీ చదివి తల ఎత్తింది. మట్టిదిబ్బ పక్కన పసుపు పచ్చగా నిలబడి ఉంది యంత్రం. దాని బకెట్టు పళ్ళకు ఎక్కడిదో ఎండిన రేగడి ఇంకా అంటుకునే ఉంది. ప్లాట్‌ఫారం బండి ఈ జిల్లాలో ఎక్కువగా మోసేది వీటినేనని పాండురంగారావుకు మొదటినుంచీ తెలుసు. ఆ సంగతిని తన ఇంటితో కలిపి చూసింది మాత్రం ఈ నిమిషంలోనే.

"ఒద్దంటే ఒద్దని చెప్పెయ్, మాణిక్యం. మూడు పోతేనే కదా రద్దు," అన్నాడు మెల్లగా.

ఆవిడ ఆయన మాట వినలేదు. లోడు మెసేజీ కింద ఉన్న రైతు నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

"ఏవండీ, గోస్తనీ బండి ఓనర్నండీ. చెరువు తవ్వించేది మీరేనాండీ?"

"ఆయ్, మేమేనండీ. ఎన్నింటికొస్తుంది బండి?"

"చేను ఎవరి పేరు మీద ఉందండీ?"

"మా ఇంటావిడ పేరు మీదండీ. ఏం?"

"ఆవిడకి చెప్పారాండీ?"

హేమంత్‌కుమార్ ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ప్రభుదాసు బీడీ ఆర్పేశాడు.

"ఇదేం ప్రశ్నండీ బాబూ? బండి పంపమంటే…"

"ఆవిడకోసారి ఇవ్వండి ఫోను. మాట్లాడి పంపిస్తాను."

ఎవరినో కేకేయడం, చెప్పుల చప్పుడు, ఆ తరవాత ఆడగొంతు. "ఎవరండీ? నేను గాయత్రినండీ."

"మీ చేలోకి పొక్లెయిన్ వస్తోందమ్మా. మీకు తెలుసా అని అడుగుదామని చేశాను."

"తెలియకపోవడమేంటండీ?" అంది ఆ గొంతు. "తవ్వించమన్నది నేనే. మూడేళ్ళనుంచి ఊట నీళ్ళు తోడించి తోడించి నా నడుం పోయింది. వరి మీద మమకారం ఈయనదే. ఒద్దే ఒద్దే అని నిన్నటిదాకా అన్నాడు. మీరు తొందరగా పంపండి, మళ్ళీ మనసు మార్చుకుంటాడు."

రత్నమాణిక్యం ఫోనువైపే చూస్తూ ఉండిపోయింది. ఇలాంటి జవాబు ఒకటి ఉంటుందని ఆవిడ అనుకోలేదని పాండురంగారావు గ్రహించాడు. ఈ మూడు రోజుల్లో ఆవిడ అలా నిలబడిపోవడం ఇదే మొదటిసారి. చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ, యార్డులో అందరూ ఉన్నారు.

"ఉన్నారాండీ?" అంది గాయత్రి.

"ఉన్నానమ్మా. చేలో సరిహద్దు రాళ్ళేవైనా ఉన్నాయా?"

"రెండున్నాయండీ, మా మామగారి నాటివి."

"మిషను దిగకముందే మనిషి చేత తీయించి పక్కన పెట్టించుకోండి. బకెట్టుతో తీయనివ్వకండి."

"అలాగేనండీ," అంది ఆ గొంతు, కొంచెం ఆశ్చర్యంగా.

ఆవిడ ఓకే నొక్కింది. పాండురంగారావు బండిని మట్టిదిబ్బకు వెనక్కి ఆనించాడు. పొక్లెయిన్ గరగరమంటూ పాకి బల్ల మీదికి ఎక్కింది. దాని బరువుకు లారీ ఒక్కసారి కుంగి సర్దుకుంది. ఆయన చైన్లు వేశాడు. మామూలు చుట్లు అయ్యాక ఇంకో రెండు వేశాడు. అవి బిగించి, కిందికి దిగి చూసి, మళ్ళీ ఎక్కి ఇంకొకటి వేశాడు.

రత్నమాణిక్యం అప్పటికే క్యాబిన్‌లో కూర్చుని ఉంది. ఈసారి చెయ్యి అడగలేదు.

"నువ్వూ వస్తావా ముదినేపల్లి?" అన్నాడు.

"ఆవిడ్ని చూడాలండీ."

ఆయన స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పబోయి ఆగాడు.

"బయల్దేరమంటావా?" అన్నాడు.

ఆవిడ ఆయనవైపు చూసింది. ఆయన వేళాకోళమాడటం లేదని తేల్చుకోడానికి కాస్త సమయం తీసుకుంది.

"ఆ అద్దం తుడవండి ముందు," అంది.